గుడిలో ఏరిన పరిగె

మా గుడిలో ఎక్కడ కూర్చున్నా ఒకే పెద్దమనిషి తండ్రిగారికి వీపు ఆనించి కూర్చోవాలి. ప్లాస్టిక్ కుర్చీల వెనక తెల్లరంగుతో ఆ తండ్రిగారి పేరు, దాని కింద 'జ్ఞాపకార్థం' అన్న మాట రాసి ఉంటాయి. మంచినీళ్లు తాగబోతే కూలర్ మీద ఆయనే. అన్నం తింటే స్టీలు పళ్లెం అంచున ఆయనే. ప్రసంగం సాగుతుండగా కునుకుపాటున తల పైకెత్తితే ఫ్యాను రెక్కల మీద కూడా ఆయనే గిరగిరా తిరుగుతుంటాడు. కొత్తగా కట్టిన కమాను మీదైతే తండ్రి పేరు ప్రభువు పేరు కంటే జానెడు పెద్దగా ఉంది. అది పెయింటరు పొరపాటని మా పాస్టరయ్య అంటారు. పైసలిచ్చినవాళ్ల పేరు చిన్నగా రాసే పొరపాటు తానెప్పుడూ చేయలేదని పెయింటరు అంటాడు.

ఇవన్నీ పెట్టించినాయన మా సంఘపెద్ద. కామారెడ్డిలో 'మిల్లు సారు' అంటే చాలు, ఆటోవాళ్లు తిన్నగా ఆయన ఇంటిముందు దింపుతారు. ఎల్లారెడ్డి రోడ్డులో రైస్ మిల్లు, ఊళ్లో రెండు షట్టర్ల కాంప్లెక్సు, లింగంపేట దాటాక పొలాలు ఉన్నాయి. ఆయనకు దానగుణం లేదని నేననను. ఇచ్చేటప్పుడు ఎదురుగా నాలుగు ఫోన్లు లేచి ఉండాలి, అంతే. కుడిచేయి ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదని మాకు నేర్పారు కదా, ఆ నియమాన్ని ఆయన తప్పకుండా పాటిస్తాడు. ఆయన ఎడమచేతిలో ఎప్పుడూ మైకు ఉంటుంది కాబట్టి దానికి వేరే సంగతులు తెలుసుకునే తీరిక లేదు.

నేను ప్రభుత్వ బడిలో తెలుగు టీచర్ని. మా సంఘంలో తెలుగు టీచరంటే పెళ్లిపత్రిక నుంచి సమాధి రాయి దాకా అన్నీ ఉచితంగా రాసిపెట్టే మనిషి. జ్ఞాపకార్థం అన్న మాటకు 'ఞ' వత్తు ఎక్కడ రావాలో చెప్పింది నేనే. కాబట్టి ఆ కుర్చీల పుణ్యంలో నాకూ చిటికెడు వాటా ఉంది.

ఇక మా పెద్దమ్మ. అమ్మకు అక్క. లింగంపేట దాటాక ఎల్లారెడ్డి బస్సు ఆగే ఒక పల్లెలో ఒంటరిగా ఉంటుంది. పిల్లలు లేరు, పెదనాన్న పోయి చాలా ఏళ్లయింది. వయసులో ఉండగా ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టీ చుట్టీ ఆమె బొటనవేళ్లు రెండూ ఇప్పుడు పక్కకు వంగిపోయాయి. బీడీ పింఛను వస్తుంది, రేషను బియ్యం వస్తాయి, ఇంటిముందు సొరతీగ ఉంది. సర్కారు లెక్కలో ఆమెకు ఏ లోటూ లేదు. మా మిల్లు సారు లెక్కలో కూడా.

పెద్దమ్మకు ఒక పట్టింపు ఉంది. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు బియ్యం దేవుని పేరున తీసి చిన్న మట్టి గురిగిలో వేస్తుంది. ఇది మా దగ్గర చాలామంది ఆడవాళ్లు చేసేదే. కానీ ఆమె ఆ పిడికెడూ రేషను బియ్యంలోంచి తీయదు. వరి కోతలయ్యాక పొలాల్లో పరిగె ఏరుతుంది. కొడవళ్లతో కోసిన రోజుల్లో రాలిన వెన్నులు ఏరుకునేవాళ్లు. ఇప్పుడు కోత మిషను మలుపు తిరిగే మూలల్లో, గట్టు పక్కన నేలకు వాలిపోయిన వరిలో మిగిలినవే దిక్కు. ఆ వెన్నులు తెచ్చి, కాళ్లతో నలిపి, చెరిగి, దంచి, ఆ బియ్యంలోంచే దేవుని పిడికెడు తీస్తుంది. పంట పండుగకు కామారెడ్డి గుడికి వచ్చి అదే కొత్తబియ్యం చిన్న గుడ్డసంచిలో తెచ్చి ప్రభువు బల్ల ముందు పెడుతుంది. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆమె ఒక్క ఏడు కూడా ఒట్టి చేతులతో వచ్చింది లేదు.

ఈసారి ఒట్టి చేతులతో రావలసిన గతి పట్టింది.

ఎందుకంటే మా మిల్లు సారు పెద్దమ్మ వాళ్ల పల్లె పక్కనున్న పొలాలన్నీ కొన్నాడు. కొన్నాక చుట్టూ కడీలు పాతించి ముళ్లతీగ లాగించాడు. గేటుకు ఒక పెద్ద బోర్డు పెట్టించాడు. పైన మంచి కాపరి గురించిన వాక్యం, దాని కింద, లోపలికి వచ్చిన పశువులు బందెలదొడ్డికి తోలబడును అన్న హెచ్చరిక. ఆ రెండూ ఒకే బోర్డు మీద ఇమిడేలా రాయించడం అందరివల్లా అయ్యే పని కాదు. ఇది మాత్రం నా చేత రాయించలేదని దేవునికి స్తోత్రం.

కార్తీకంలో ఒకరోజు బడి వదిలే వేళకు పెద్దమ్మ ఫోన్ చేసింది.

"బిడ్డా, మీ గుడి పెద్దసారు చేన్లకు పోనిస్తలేరే. గేటుకాడ పిలగాన్ని పెట్టిండు. పరిగ ఏరుకుంటనయ్యా అంటే, సారు చెప్తెనే ఇడుస్త అంటుండు. నువ్వు సారుకు ఒక్కమాట చెప్పరాదు?"

"వేరేవాళ్ల పొలాల్లో ఏరుకో పెద్దమ్మా."

"ఏడున్నయే వేరేవోళ్లయి? వాగు దాక గాయనయే. అవతల పొలాలకు పోవాల్నంటే నా మోకాళ్లు పోనియ్యాలె గద."

ఆదివారం ఆరాధన అయ్యాక సారు దగ్గరికి వెళ్లాను. ఆయన కమాను కింద నిలబడి వచ్చేపోయేవాళ్లందరికీ చేయి కలుపుతున్నాడు. సంగతి చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు. వినడంలో ఆయనకు పేరుంది.

"టీచరమ్మా, మీరు చదువుకున్నోళ్లు, మీకు తెల్వదా? గిట్ల అలవాటు చేస్తే మనుషులు ఖరాబైతరు. ఇయ్యాల పరిగ అంటరు, రేపు మోటరు వైరు ఎత్కపోతరు. అయినా ఇంక పరిగ ఏరుడేందమ్మా ఈ జమానల? సర్కారు సన్నబియ్యం ఇస్తుంది. చాలకుంటే చెప్పుండ్రి, మిల్లుకు మనిషిని పంపుండ్రి, ఒక బస్తా ఇప్పిస్త. ఫస్టు క్వాలిటీ."

ఎంగిలిచేత్తో కాకిని తోలడని ఆయన్ని ఎవరూ అనలేరు. బస్తా ఇస్తానంటున్నాడు. గట్టు పక్కన నేలరాలే నాలుగు వెన్నులు మాత్రం ఇవ్వలేడు. ఆ తేడా ఏమిటో ఆ క్షణంలో నాకు కూడా సరిగ్గా అర్థం కాలేదు. పైగా బస్తా మాట విని సంతోషించాను కూడా. అదే మాట ఫోన్లో పెద్దమ్మకు చెప్పాను.

ఆమె మెల్లగా, కోపమొచ్చినప్పుడే వచ్చే ఒక గొంతుతో అడిగింది.

"నేను బియ్యం అడిగిన్నా? చేన్లకు తొవ్వ అడిగిన."

"ఏదైతేనేం పెద్దమ్మా, పండుగకు బియ్యం కావాలి కదా. సారువి వద్దంటే నేనే కొనిస్తా."

"నీ జీతం ఎక్కువైతే బ్యాంకుల ఏసుకో. సర్కారు బియ్యం నా కడుపుకు. దేవుని ముంగట పెట్టేటియి నా చేతి ఏళ్లతోని ఏరినయి ఉండాలె. ఒగలు ఇచ్చినయి తెచ్చి నేను కానుక పెడితే, గది వాళ్ల కానుకైతది గని నాదెట్లయితదే? ముష్టి తెచ్చి దేవునికి ముడుపు గట్టుమంటవా నన్ను?"

ఫోన్ పెట్టేసింది. నాకు కోపం వచ్చింది, తర్వాత సిగ్గేసింది, ఆ తర్వాత మళ్లీ కోపం వచ్చింది. ఈసారి ఆమె మీద కాదు.

సరిగ్గా ఆ వారమే పంట పండుగ కమిటీ కూర్చుంది. మొదటి ఆదివారం సాయంత్రం నాటిక, మరుసటి ఆదివారం కానుకలు, వేలం. నాటిక రాసే పని ఎవరిదో చెప్పనక్కర్లేదు. ఏ కథ అన్న దగ్గర పాస్టరయ్య నా మీదే వదిలేశారు. నేను అమాయకంగా మొహం పెట్టి, మొగుడు పోయిన ఒక పరదేశి కోడలు అత్తను పోషించడానికి పరాయివాళ్ల చేలో పరిగె ఏరుకున్న కథ వేద్దామన్నాను. పంటకు సంబంధించిన కథే కదా, అందరికీ నచ్చింది. సారుకు మరీ నచ్చింది. ఎంతగా నచ్చిందంటే, ఆ కథలో దయగల భూస్వామి వేషం తానే వేస్తానన్నాడు.

నేను కాదనలేదు. రొట్టె విరిగి నేతిలో పడుతుంటే ఎవరు కాదంటారు!

భూస్వామికి నేను ఎక్కువ మాటలు రాయలేదు. అసలైన మాట ఒక్కటే: "ఆమెను ఎవరూ ఆపకండి. ఏరుకోనివ్వండి. ఆమె కోసం కావాలనే కొన్ని వెన్నులు కింద వదలండి." ఈ మూడు ముక్కలు నేర్పేసరికి నా తల ప్రాణం తోకకు వచ్చింది. 'ఎవరూ ఆపకండి' దాకా బాగానే వచ్చేవాడు. 'కావాలనే కింద వదలండి' దగ్గర నోరు తిరిగేది కాదు. 'కావాలంటే వదలండి' అనేవాడు, 'కావలసినంత వదలండి' అనేవాడు, ఒకసారైతే 'కావలి వాణ్ణి వదలండి' అన్నాడు. పాపం, జీవితంలో ఎప్పుడూ అనని మాట మరి. కారులో పోతూ వస్తూ వల్లె వేశాడట. చివరికి మొత్తం నాటికలో ఆ ఒక్క మాటే ఆయనకు కంఠతా వచ్చింది, మిగతావి పక్కనుంచి అందించాలి అని తేలింది.

కోడలి వేషం ఆయన సొంత కోడలికే ఇచ్చారు. పేద విధవరాలి వేషానికి ఆ అమ్మాయి గులాబీరంగు పట్టుచీర తెచ్చుకుంది. పాతచీర కట్టుకుంటే బాగుంటుందేమో అన్నాను. "పాతదే మేడమ్, పోయిన క్రిస్మస్‌ది" అంది.

ఇంకో చిక్కు వచ్చిపడింది. వేదిక మీద పరచడానికి వరి మోపు కావాలి. కామారెడ్డి చుట్టుపక్కల ఊళ్లన్నీ గాలించినా కొడవలితో కోసిన మోపు ఒక్కటి దొరకలేదు. అంతా మిషను కోతే, గడ్డి కూడా కట్టలు కట్టే మిషనుతో వెళ్లిపోతోంది. ఇంతటి వరి జిల్లాలో దేవుని ఎదుట పెట్టడానికి నాలుగు వెన్నులు కరువయ్యాయి. సారు తేల్చేశాడు, తన మిల్లు నుంచి రెండు బస్తాల వడ్లు తెప్పించి ఎర్ర తివాచీ మీద కుమ్మరించమన్నాడు. రెండు బస్తాలూ ఎవరి దాతృత్వమో మైకులో ముందే చెప్పించాడు.

పెద్దమ్మ నాటికకు ముందురోజే బస్సులో వచ్చింది. చేతిలో ఎప్పటి గుడ్డసంచి మడత పెట్టి ఉంది, లోపల ఏమీ లేదు. దాన్ని తెచ్చి నా ఇంట్లో దండెం మీద ఆరేసినట్టు వేసింది. నేను దానివైపు చూస్తే ఆమె గోడవైపు చూసింది. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. గుడికి వచ్చేది లేదని, ఒట్టి చేతులు ఊపుకుంటూ ఏ మొహంతో వస్తానని అంది. కనీసం నేను రాసిన నాటికైనా చూడమని బతిమాలితే, నా మొహం చూసి వచ్చింది.

నాటిక మొదలైంది. గుడి నిండిపోయింది. పల్లెల నుంచి డీసీఎం బండ్లలో వచ్చిన ఆడవాళ్లంతా ముందు చాపల మీద, కుర్చీల్లో పట్నంవాళ్లు. పెద్దమ్మ చాపల్లో ముందువరసలో కూర్చుంది. కోడలు పిల్ల వచ్చి, పట్టుచీర కుచ్చిళ్లు నలగకుండా వంగి, రెండు వేళ్లతో మూడు గింజలు ఏరి బుట్టలో వేసింది. ఫోన్లు లేచాయి. సేవకుల వేషంలోని యువకులు ఆమెను అదిలించారు. అప్పుడు మా మిల్లు సారు తలపాగాతో వచ్చి, మైకు సరిచూసుకుని, బల్ల ముందు నిలబడి గుడి మారుమోగేలా అన్నాడు:

"ఆమెను ఎవరూ ఆపకండి! ఏరుకోనివ్వండి! ఆమె కోసం కావాలనే కొన్ని వెన్నులు కింద వదలండి!"

చప్పట్లు మోగిపోయాయి. నేను తెర వెనక కాగితం పట్టుకుని ఆయనకు తర్వాతి మాట అందించబోతున్నాను. అప్పుడు చూశాను, పెద్దమ్మ లేచి నిలబడింది.

కొంగు నడుముకు బిగించింది. మెట్లెక్కింది. ఎర్ర తివాచీ మీద గొంతుక్కూర్చుని, రెండు అరచేతులతో వడ్లు దగ్గరికి తోసి ఒళ్లో పోసుకోవడం మొదలుపెట్టింది. మూడు గింజల అమ్మాయి పక్కకు జరిగింది. సేవకుల వేషంలో ఉన్న ఒక యువకుడు, వేషంలోంచి బయటికొచ్చి, "అవ్వా, ఏంది? దిగు దిగు" అన్నాడు. సారు బిత్తరపోయాడు. నావైపు చూశాడు. నేను కాగితం కిందికి దించేశాను. పాపం ఆయనకు నాటికలో ఒక్క మాటే కంఠతా వచ్చు కదా. ఆ గాభరాలో అదే వచ్చింది.

"ఆమెను ఎవరూ ఆపకండి! ఏరుకోనివ్వండి!"

గుడంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అదంతా నాటికలో భాగమే అనుకున్నారు. "ఎంత బాగ యాక్షన్ చేస్తుంది ముసలమ్మ" అని కుర్చీల్లో ఎవరో అన్నారు. చాపల మీది పల్లె ఆడవాళ్లు మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు, కొందరు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. పెద్దమ్మ ఒడి నింపుకుని లేచి, సారు ఎదుట నిలబడింది. ఆయన చేతిలో మైకు ఆన్‌లోనే ఉంది.

"సారూ, గీ మాట మీ గేటుకాడి పిలగానికి గుడ చెప్పుండ్రి. మీరు చెప్తెనే ఇడుస్త అంటుండు."

మళ్లీ చప్పట్లు, ఈలలు. సారు గొంతు సవరించుకున్నాడు.

"దేవుని చిత్తం అవ్వా" అన్నాడు.

"ఆమేన్" అంది సంఘం.

మాలో ఒక మర్యాద ఉంది. కాదని చెప్పవలసినప్పుడు కాదు అనం, దేవుని చిత్తం అంటాం. ఇచ్చేటప్పుడు మన పేరు, ఇవ్వనప్పుడు ఆయన పేరు. పాపం ప్రభువుకు కమాను మీద చిన్నక్షరాలు దక్కడం న్యాయమే.

చివర్లో పెద్దమ్మకు ఉత్తమ నటి అని శాలువా కప్పారు. సారే కప్పాడు, ఫోటో కూడా దిగాడు. ఆమె ఒడిలో వడ్లు జారకుండా రెండు చేతులతో పట్టుకుని ఉంది కాబట్టి నమస్కారం పెట్టలేదు. ఇంటికి వస్తూ ఆటోలో అడిగాను, నాటకమని తెలియదా పెద్దమ్మా అని.

"తెల్వకేంది? ఆ పిల్ల చీరె చూస్తెనే తెలుస్తలేదా నాటకమని? గని మాట నాటకమెట్లయితదే? గుడిల, బల్ల ముంగట, ఇంతమందిల నిలబడి అన్నడు. ఒక్కపారి కాదు, రెండుసార్లు అన్నడు."

నేను పడీ పడీ నవ్వాను. ఆమె నవ్వలేదు. ఒడిలో గింజలు చేత్తో తిరగేస్తూ, "మంచి వడ్లే" అంది.

మర్నాడు శాలువా మిద్దె మీద పరిచి దాని మీద వడ్లు ఎండబోసింది. ఉత్తమ నటి శాలువాకు అంతకంటే ఉత్తమమైన పని నేను చూడలేదు. ఆ తర్వాత దంచాలంది. మిక్సీ తప్ప ఏమీ లేని అద్దె ఇంట్లో రోలెక్కడిది? కింద మా ఇంటి ఓనరమ్మ దగ్గర ఉంది, కానీ దాంట్లో ఆమె మనీప్లాంటు పెంచుతోంది. పెద్దమ్మ వెళ్లి అడిగింది. ఓనరమ్మ మనీప్లాంటును బకెట్లోకి మార్చి, రోలు కడిగి ఇచ్చి, అటక మీంచి రోకలి కూడా దింపింది. "పెండ్లిళ్లకు పసుపు దంచనీకే తీస్తం అవ్వా దీన్ని. మీ దేవునికైతే ఏంది, దంచుకో" అంది. ఆ హిందువుల ఇంటి గుమ్మం ముందు, ముగ్గు పక్కన, మా పంట పండుగ బియ్యం తయారయ్యాయి. ఎదురింటాయన వచ్చి బోరు వేయిస్తున్నారా అని అడిగి వెళ్లాడు.

దంచుతూ దంచుతూ పెద్దమ్మ ఒక మాట అంది.

"మీ పెద్దసారు వాళ్ల అవ్వ, నేను ఒక్క రోట్ల రెండు రోకండ్లు ఏసి దంచుతుంటిమి."

"సారు వాళ్ల అమ్మ నీకెట్లా తెలుసు?" అన్నాను.

"నీకెట్ల తెల్వాలె. వాళ్లది మా పల్లెనే. వాళ్ల బాపు పటేలు కాడ జీతముండె. జీతపు గింజలు చాలక ఆమె నా తోటి పరిగ ఏరుతుండె. ఈ సారును గట్టుమీద గోనెసంచిల పండపెట్టి ఏరుతుండె. గదే పొలంల. గిప్పుడు తీగేసిండు సూడు, గదే పొలంల."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"చెప్పుతే ఏమొస్తది? చిన్నపుచ్చినట్టైతది పిలగాన్ని."

నాకు చిన్నపుచ్చాలనే ఉంది. మైకు దొరికితే అప్పటికప్పుడే చెప్పాలనిపించింది. తండ్రి పేరున ఇన్ని కుర్చీలు, పళ్లేలు, ఫ్యాన్లు ఉన్న ఆ గుడిలో తల్లి పేరున ఒక్క స్టూలైనా లేదని అప్పుడు గుర్తొచ్చింది. తండ్రి పాలేరుగా జీతం ఉన్న సంగతి కుర్చీ వెనక రాయనక్కర్లేదు. తల్లి పేరు రాస్తే మాత్రం ఎవరో ఒకరు, "ఆ, ఆమె నాకెరుకే, పరిగ ఏరుకుంటుండె" అనే ప్రమాదం ఉంది. పెద్దమ్మ రోకలి ఆపి నా మొహం చూసి, "నువ్వు గుడిల నోరు తెరిస్తివో, ఇగ నీ ఇంటికి రాను" అని ఒట్టు పెట్టింది. ఆ ఒట్టు వల్లే ఇది ఇక్కడ రాస్తున్నాను. రాయనని ఒట్టు వేయలేదు.

ఆదివారం వచ్చింది. బల్ల ముందు గుమ్మడికాయలు, మక్క కంకులు, కోళ్లు, కోడిగుడ్లు, ఒక మేకపిల్ల. పెద్దమ్మ గుడ్డసంచి పట్టుకుని నడిచింది. సంచి చిన్నదే, ముడి బిగుతుగా ఉంది. దాన్ని బల్ల ముందు పెట్టి, వంగి, నుదురు నేలకు ఆనించి లేచింది. ఆమె మొహం చూసి నాకు ఏడుపొచ్చింది. గెలిచినవాళ్ల మొహం కాదది. పోతుందనుకున్న పరువు దక్కినవాళ్ల మొహం.

తర్వాత వేలం. మా దగ్గర వచ్చిన కానుకలను వేలం వేసి, ఆ సొమ్ము గుడికి జమ చేస్తారు. పాస్టరయ్య ఎప్పుడూ అన్నిటికంటే చిన్న వస్తువు మొదట ఎత్తుతారు, సారు దానికి అందరూ నోరు తెరిచే పాట పాడతాడు, చప్పట్లు పడతాయి. అదొక ఆనవాయితీ. ఈసారి చిన్నది మా పెద్దమ్మ సంచే. సారు పాడాడు. చప్పట్లు పడ్డాయి. సంచి ఆయన చేతికొచ్చింది.

గుడి వదిలాక కమాను కింద ఆయన నిలబడి ఉన్నాడు. డ్రైవరు సామాను కారులో పెడుతున్నాడు. సారు సంచి ముడి విప్పి, పిడికెడు బియ్యం తీసి చూశాడు. మిల్లు మనిషి కదా, బియ్యం చూడకుండా ఉండలేడు. చేతిలో నలిపాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. చేయి కలపడానికి వచ్చినవాళ్లు వెనక్కి తగ్గి నిలబడ్డారు.

"ఏ మిల్లుల పట్టిచ్చినవ్ అవ్వా?" అని అడిగాడు. గొంతు మైకులో గొంతులా లేదు.

"మిల్లుల కాదు కొడుకా, దంచిన" అంది పెద్దమ్మ. సారు అని అనలేదు. "వడ్లు మీయే. మొన్న గుడిల కింద పోసినయి. ఏరుకోమంటివి, ఏరుకున్న."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. గుర్తుపట్టాడో లేదో నాకు తెలియదు. గుర్తుపట్టాడనే నా అనుమానం, ఎందుకంటే ఆమె వంకర బొటనవేళ్ల వైపు ఒకసారి చూసి, వెంటనే కమాను మీది రంగు వైపు చూడటం మొదలుపెట్టాడు.

"గా తీగ సంగతి యాది మరువకు" అంది ఆమె.

"చూద్దామవ్వా" అన్నాడు. డ్రైవరు సంచి కోసం చేయి చాపితే ఇవ్వలేదు. తనే ఒళ్లో పెట్టుకుని కారులో కూర్చున్నాడు. అద్దం ఎక్కింది.

ఇక్కడ ఆయన మారిపోయి, మర్నాడే కడీలు పీకించి, పల్లెకు తొవ్వ ఇచ్చాడని రాస్తే కథ బాగుంటుంది. పాస్టరయ్యగారు గుడిలో ఆయన చేత సాక్ష్యం చెప్పించడానికి కూడా పనికొస్తుంది. కానీ మర్నాడు పెద్దమ్మను దింపడానికి ఎల్లారెడ్డి బస్సులో ఆమెతో వెళ్లాను. లింగంపేట దాటాక కిటికీలోంచి పొలం కనిపించింది. కడీలు ఉన్నాయి, తీగ ఉంది, కాపరి వాక్యం ఉంది. మిషను తిరిగిన మూలల్లో మిగిలిన వెన్నుల మీద పిట్టలు వాలి తింటున్నాయి. వాటికి ఎవరూ గేటు వేయలేదు. గేటు దగ్గర కుర్రాడు స్టూలు మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇక ఉండబట్టలేక అన్నాను, "చూశావా పెద్దమ్మా? మాట నాటకం కాదన్నావు. గేటు అట్లాగే ఉంది. నీకేమో శాలువా, ఆయనకేమో నువ్వు నడుం విరగ్గొట్టుకుని దంచిన బియ్యం. ఈపాటికి వండించుకుని తినే ఉంటాడు."

పెద్దమ్మ ఖాళీ గుడ్డసంచి కోసం ఒళ్లో వెతుక్కుంది, అది ఆయన దగ్గరే ఉండిపోయిందని గుర్తొచ్చి చేతులు ముడుచుకుంది.

"తిననియ్యి బిడ్డా. లేనోళ్లకు సర్కారు పెడుతది, మీరు పెడుతరు, గుడి పెడుతది. వాళ్ల అవ్వ పోయినంక, ఉన్నోనికి ఎవలు పెడుతరే, పాపం?"